సాంతియాగో కథెడ్రల్ ఏ కాలానిది? ముఖం 18వ శతాబ్దం, ఒళ్లు 11వ శతాబ్దం

మీరు రెండు విషయాలు అడిగారు. స్పెయిన్‌లోని సాంతియాగో దె కాంపొస్తెలా కథెడ్రల్ ఫొటోల్లో చూస్తే 18వ శతాబ్దపు కట్టడంలా ఉంది, పుస్తకాలేమో 1075లో మొదలైందంటున్నాయి, ఏది నమ్మాలి అన్నది మొదటిది. ఫ్రాన్స్ నుంచి ఈ కథెడ్రల్ ఉన్న గలీసియా ప్రాంతం దాకా, ఇక్కడికి నడిచివచ్చే యాత్రికుల కోసమే ఒక నమూనా గీసి అవే చర్చిలు వరుసగా కట్టారన్న మాట నిజమేనా అన్నది రెండోది. నేను పాత రాతి కట్టడాల పరిరక్షణలో పనిచేస్తాను, రోమనెస్క్ చర్చిల మీద, అంటే 11, 12 శతాబ్దాల్లో గుండ్రటి కమానులతో కట్టిన చర్చిల మీద, చాలాకాలంగా చదువుతున్నాను. మీరు అక్కడికి వెళ్లబోతున్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మొదటి ప్రశ్నకు సూటి జవాబు: రెండూ నిజమే. చర్చికి పడమట ఉన్న ఒబ్రదోయ్రో చౌక్‌లో నిలబడితే కనబడే ఆ జంట గోపురాల ముఖభాగాన్ని ఫెర్నాందో దె కాసస్ నొవొవా అనే వాస్తుశిల్పి 1738, 1750 మధ్య కట్టాడు. స్పెయిన్ ముద్రించే 1, 2, 5 యూరో సెంట్ల నాణేల మీద ఉండేది అదే. ఆ ముఖం దాటి నాలుగు అడుగులు లోపలికి వేస్తే 1188 నాటి ద్వారం ఎదురవుతుంది. ఆ ద్వారం దాటితే 1075లో పునాది పడి 1211లో ప్రతిష్ఠ జరిగిన చర్చి ఉంది, అదీ ముక్కలుగా కాదు, నడవలూ స్తంభాలూ కమాను కప్పూ అన్నిటితో. తరవాతి తరాల వాళ్లు పాత చర్చిని పడగొట్టి కొత్తది కట్టలేదు, దాని చుట్టూ కొత్త గోడలు తొడిగారు. అందుకే బయటినుంచి చూసేవాళ్లకు ఒక వయసు, లోపల నడిచేవాళ్లకు ఇంకొక వయసు కనిపిస్తుంది.

నా ఉద్దేశంలో ఈ చర్చి చరిత్రనంతా నడిపించింది ఒక్క విషయం: చర్చి ఏ సమాధి మీద కట్టారో ఆ సమాధిని కదపడానికి వీల్లేదు. స్థలం చాలకపోయినా, వాలు నేల అడ్డొచ్చినా, పక్కన మఠం ఉన్నా, కట్టేవాళ్లు ఆ చోటును ఆధారం చేసుకునే మిగతావన్నీ సర్దుకోవలసి వచ్చింది. ఇది గుర్తుపెట్టుకుంటే కట్టడంలో వింతగా అనిపించే చాలా సంగతులకు కారణం దొరుకుతుంది.

సమాధి ఎవరిది? జెబెదయి కుమారుడూ యేసు శిష్యుడూ అయిన యాకోబుది అని క్రైస్తవుల విశ్వాసం. యెరూషలేములో హేరోదు అతణ్ణి కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యములలో ఉంది. శరీరం గలీసియాకు ఎలా చేరిందన్నది ఐతిహ్యం, దాని జోలికి నేను పోను. చరిత్రకు అందే సంగతి ఏమంటే, 9వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, అల్ఫోన్సో 2 రాజుగా ఉన్న కాలంలో, ఇరియా బిషప్పు తెయొదొమీరో ఇక్కడ ఒక పాత రోమన్ కాలపు సమాధి కట్టడాన్ని గుర్తించి, అది యాకోబుదేనని ప్రకటించాడు. చాలాకాలం పాటు ఈ బిషప్పు కూడా కల్పిత పాత్రే కావచ్చునని పండితులు అనుమానించారు. 1955లో చర్చి నేల కింద తవ్వుతుంటే అతని సమాధి పలక బయటపడింది, చనిపోయిన సంవత్సరం 847 అని దాని మీద చెక్కి ఉంది. కాంపొస్తెలా గురించి చదివిన వాటన్నిటిలో నన్ను ఎక్కువ కదిలించింది ఈ పలకే. అప్పటికి తన పీఠం ఇరియాలో ఉన్నా, ఆ బిషప్పు తాను గుర్తించిన సమాధి దగ్గరే తననూ పాతిపెట్టమన్నాడంటే అతని నమ్మకం ఎంత గట్టిదో తెలుస్తుంది.

సమాధి మీద మొదట అల్ఫోన్సో 2 చిన్న చర్చి కట్టించాడు. అది చాలక అల్ఫోన్సో 3 ఇంకొంచెం పెద్దది కట్టించగా 899లో ప్రతిష్ఠ జరిగింది. 997లో దక్షిణ స్పెయిన్‌లోని కొర్దోబా నుంచి ముస్లిం సేనాని అల్‌మన్సూర్ దండెత్తి వచ్చి ఊరినీ చర్చినీ తగలబెట్టాడు, సమాధిని మాత్రం ముట్టుకోలేదు. చర్చి గంటలను కొర్దోబాకు తీసుకుపోయి అక్కడి మసీదులో దీపాలుగా వాడారని, 1236లో ఫెర్నాందో 3 కొర్దోబాను గెలిచాక అవి తిరిగి వచ్చాయని చెబుతారు. కాలిపోయిన చర్చిని బిషప్పు పెద్రో దె మెసొన్సో మళ్లీ నిలబెట్టాడు. 11వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి పిరనీస్ పర్వతాల అవతలి నుంచి వచ్చే జనానికి అదీ సరిపోలేదు.

కొత్త చర్చికి 1075లో బిషప్పు దియేగో పెలాయెస్, రాజు అల్ఫోన్సో 6 పునాది వేశారు. వెంటనే స్థలం తగాదా మొదలైంది. సమాధికి తూర్పున అంతెఅల్తారెస్ అనే మఠం ఉండేది. సమాధి దగ్గర నిత్యం ప్రార్థనలు చేసే బాధ్యత ఆ సన్యాసులదే. కొత్త చర్చి తూర్పు భాగం వాళ్ల స్థలంలోకి పోవాలి. సమాధిని పడమటికి జరపలేరు కాబట్టి మఠమే జరగాలి. 1077లో బిషప్పుకూ మఠాధిపతి ఫాహిల్దోకూ మధ్య ఒప్పందం రాసుకున్నారు, ఆ దస్తావేజు వల్లే ఆనాటి స్థలం లెక్కలు మనకు తెలుస్తున్నాయి.

అక్కడికి వెళ్లినప్పుడు సమాధి వెనకవైపు, ప్రదక్షిణ మార్గం మధ్యలో ఉన్న సాల్వదోర్ చాపెల్‌లోకి (చాపెల్ అంటే పెద్ద చర్చి లోపలి చిన్న ప్రార్థన మందిరం) తప్పకుండా వెళ్లండి. పని మొదలైంది అక్కడే. లోపలికి వెళ్లే చోట రెండు స్తంభశీర్షాలు ఉంటాయి. ఒకదాని మీద ఇద్దరు దేవదూతల నడుమ రాజు, ఇంకొకదాని మీద అలాగే బిషప్పు. దేవదూతలు పట్టుకున్న పత్రం మీద లాటిన్‌లో ‘అల్ఫోన్సో ఏలుబడిలో ఈ పని కట్టబడింది’ అనీ, ఎదురుగా ‘దియేగో బిషప్పు కాలంలో ఈ పని మొదలైంది’ అనీ చెక్కి ఉంటుంది. పెద్ద పెద్ద రాజులు కట్టించిన చర్చిలలో కూడా ఇలా ఇద్దరినీ ఎదురెదురుగా పేర్లతో చూపించడం అరుదు. శిల్పం మరీ గొప్పదేం కాదు, ముఖాలు గుండ్రంగా మొద్దుగా ఉంటాయి, గ్రానైట్‌లో సన్నని పని చెయ్యడం కష్టం కూడా. కానీ చర్చి వయసు మీద ఏ వాదన వచ్చినా పండితులు చివరికి వెళ్లి నిలబడేది ఈ రెండు రాళ్ల ముందే.

పని చేయించిన మేస్త్రీల పేర్లు కూడా మనకు తెలుసు: పెద్ద బెర్నార్దో, రొబెర్తో. వాళ్ల కింద దాదాపు 50 మంది రాతిపనివాళ్లు ఉండేవారని 12వ శతాబ్దపు కోడెక్స్ కలిక్స్తీనస్ అనే గ్రంథం చెబుతుంది. ఆ గ్రంథంలోని 5వ భాగం యాత్రికుల కోసం రాసినది, ఏ ఊళ్లో నీళ్లు తాగొచ్చు, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి లాంటి సంగతులతో మొదలై కాంపొస్తెలా చర్చి వర్ణనతో ముగుస్తుంది. చర్చి పొడవు 53 నిలువులు, వెడల్పు 39 నిలువులు, ఎత్తు 14 నిలువులు అని మనిషి నిలువుతో కొలిచి చెప్పాడు రచయిత. కింద 9 నడవలు, పైన 6 అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: దిగులుతో మేడ నడవలోకి, అంటే పక్క నడవల మీది అంతస్తులోకి, ఎక్కినవాడు ఆ అందం చూసి సంతోషంతో దిగుతాడని.

అదే గ్రంథంలో సున్నం సంగతి ఉంది. త్రియకస్తెలా అనే ఊరి దగ్గర యాత్రికులు తలా ఒక రాయి తీసుకుని కస్తన్యేదా దాకా మోసుకుపోయేవారు. అక్కడి బట్టీల్లో ఆ రాళ్లను కాల్చి చర్చి పనికి సున్నం చేసేవారు. మూడు నాలుగు రోజుల నడక అది. దీన్ని భక్తి కథగా మాత్రమే చెప్పి వదిలేస్తుంటారు, వెనక గట్టి కారణం ఉంది. గలీసియా అంతా గ్రానైట్ నేల. కట్టడానికి రాయి కావలసినంత దొరుకుతుంది, రాళ్లను పట్టి ఉంచే సున్నానికి కావలసిన సున్నపురాయి మాత్రం సాంతియాగో చుట్టుపక్కల లేదు. అది దొరికే చోటు త్రియకస్తెలా ప్రాంతం. ఎలాగూ ఆ దారినే నడిచి వెళ్లే వేలమంది భుజాలను వాడుకున్నారు. బండికీ ఎద్దులకూ ఖర్చు లేదు, మోసినవాడికి పుణ్యం. గోడల్లోని సున్నం వెనక ఉన్న ఆ చేతులను తలచుకోకుండా నేను ఆ చర్చిని చూడలేను.

ఇక కట్టడం ఎలా నిలబడిందో చూద్దాం, రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. నడిమి నడవ మీద సొరంగంలా సాగే రాతి కమాను కప్పు ఉంది. ఇలాంటి కప్పు తన బరువును కిందికి మాత్రమే దింపదు, రెండు పక్కల గోడలనూ బయటికి తోస్తుంది, అదీ ఒకటి రెండు చోట్ల కాదు, పొడవునా. గోడ ఎత్తుగా ఉండి ఆనుకోవడానికి ఏమీ లేకపోతే కొన్నాళ్లకు విచ్చుకుంటుంది. అందుకని పక్క నడవల మీద రెండో అంతస్తు వేసి, దానిపై పావు వృత్తం ఆకారంలో ఇంకో కమాను కప్పు కట్టారు. అది నడిమి కప్పు తోపును అందుకుని బయటి గోడకూ అక్కడి ఆనుడు గోడలకూ అప్పగిస్తుంది. ఇందుకు చెల్లించిన మూల్యం వెలుతురు. నడిమి నడవకు పైన సొంత కిటికీలు లేవు, మేడ నడవ కిటికీల్లోంచి వడకట్టుకుని వచ్చిందే వెలుగు. మేడ నడవలు యాత్రికులు పడుకోవడానికే కట్టారని గైడ్లు చెబుతుంటే వింటాం. జనం అక్కడికి ఎక్కి ఉండొచ్చు, నిద్రపోయి కూడా ఉండొచ్చు, కానీ అవి ఉన్నది కప్పు పడకుండా పట్టుకోవడానికి. వాటిని తీసేస్తే చర్చి నిలవదు.

ప్రదక్షిణ మార్గం సంగతి వేరు, అది నిజంగా జనం కోసమే. పక్క నడవ పడమటి ద్వారం నుంచి మొదలై, శిలువ చేతుల్లా అడ్డంగా సాగే అడ్డ నడవ చివరలను కూడా చుట్టి, బలిపీఠం వెనకనుంచి తిరిగి రెండో పక్కకు వస్తుంది. వెనకవైపు 5 చాపెళ్లు సూర్యకిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. మధ్యలో గురువులు ప్రార్థనలు చేసుకుంటుంటే, వాళ్లను ఆటంకపరచకుండా యాత్రికులు చుట్టూ తిరిగి ఒక్కో చాపెల్ దగ్గర ఆగి దండం పెట్టుకుని వెళ్లిపోవచ్చు. మన గుళ్లలో గర్భాలయం చుట్టూ తిరిగే అలవాటు ఉన్నవాళ్లకు ఈ అమరిక కొత్తగా అనిపించదు, కాళ్లే దారి పట్టుకుంటాయి.

రాత్రిళ్లు ఇక్కడ ఎలా ఉండేదో కూడా రాతల్లో ఉంది. చర్చి తలుపులు పగలూ రాత్రీ మూసేవారు కాదు. జర్మన్లు ఒకచోట, ఫ్రెంచివాళ్లు ఒకచోట, ఇటలీవాళ్లు ఒకచోట గుంపులుగా కొవ్వొత్తులతో జాగారం చేసేవారు. బలిపీఠానికి దగ్గరి చోటు కోసం కొట్లాటలూ జరిగేవి, మనుషులు చచ్చిపోయేవారు కూడా. రక్తం చిందితే చర్చిని మళ్లీ ప్రతిష్ఠించాలి, ఆ తంతు ప్రతిసారీ పెద్ద పని. అందుకని 1207లో పోప్ ఇన్నొసెంట్ 3, నీళ్లూ ద్రాక్షారసమూ బూడిదా చల్లి శుద్ధి చేస్తే చాలునని ఇక్కడి ఆర్చిబిషప్పుకు అనుమతి రాసిచ్చాడు. వెడల్పైన నడవలూ మూడు వైపులా ద్వారాలూ ఎందుకు కావలసి వచ్చాయో ఈ ఒక్క ఉత్తరం చెప్పేస్తుంది.

పని సాఫీగా సాగలేదు. గలీసియాను ఇంగ్లండు నార్మన్ రాజుకు అప్పగించే కుట్ర చేశాడన్న ఆరోపణ మీద 1088లో పెలాయెస్‌ను పదవి నుంచి దించేశారు, పని ఆగిపోయింది. తిరిగి ఊపందుకున్నది దియేగో హెల్మీరెస్ చేతికి వచ్చాక. అతను 1100లో బిషప్పుగా ఎన్నికై, 1120లో కాంపొస్తెలాకు ఆర్చిబిషప్పు హోదా సంపాదించి, 1140లో చనిపోయేదాకా ఊరినీ చర్చినీ తన చేతుల మీద నడిపించాడు. సేవకు 72 మంది కానన్లను, అంటే కథెడ్రల్ గురువులను, పెట్టాడు. 1105లో తూర్పు చాపెళ్లకు ప్రతిష్ఠ చేయించాడు. పాత సమాధి కట్టడం పైభాగాన్ని తీసేయించి, దాని మీద పెద్ద బలిపీఠం నిలిపాడు. యాత్రికులు సమాధిని నేరుగా చూసే వీలు అక్కడితో పోయింది. కొత్త కట్టడం నడుమ ఇంకా నిలిచి ఉన్న అల్ఫోన్సో 3 నాటి చర్చిని 1112లో పడగొట్టించాడు. ఒక్కసారి ఊహించండి, 37 ఏళ్లపాటు పాత చర్చిలో పూజలు జరుగుతూనే ఉన్నాయి, దాని చుట్టూ కొత్త గోడలు లేస్తూ వచ్చాయి.

1117లో ఊరివాళ్లు తిరగబడి చర్చికి నిప్పు పెట్టారు. హెల్మీరెస్, రాణి ఉర్రాకా గంటల గోపురంలో తలదాచుకుంటే దానికీ నిప్పంటించారు. బిషప్పు మారువేషంలో తప్పించుకున్నాడు, రాణి మాత్రం గుంపు చేతికి చిక్కి అవమానాల పాలైంది. ఇదంతా హెల్మీరెస్ రాయించిన చరిత్రలోనే ఉంది కాబట్టి అతని వైపు మొగ్గు తప్పకుండా ఉంటుంది. అది గుర్తుంచుకుని చదవాలి.

దక్షిణాన ఉన్న ప్లతెరీయస్ ద్వారం ఒక్కటే ఇవాళ బయటినుంచి కనబడే రోమనెస్క్ ముఖం. కానీ అది ఒక చోట కుదురుగా కట్టినది కాదు. ఉత్తరాన, ఫ్రాన్స్ దారి ఊళ్లోకి వచ్చి చేరే చోట ఫ్రాన్సిహెనా అనే ద్వారం ఉండేది. దాని ముందు 1122లో పెట్టిన పెద్ద రాతి తొట్టె ఉండేది, 15 మంది హాయిగా స్నానం చెయ్యగలిగేంత పెద్దదట. 18వ శతాబ్దం మధ్యలో ఆ ద్వారాన్ని తీసేసి ఇప్పుడున్న అసబచెరీయ ముఖం కట్టారు, అక్కడి శిల్పాలు కొన్నిటిని తెచ్చి ప్లతెరీయస్ గోడకు అతికించారు. ఎడమవైపు ఆనుడు గోడ మీద తంత్రీవాద్యం వాయించే దావీదు రాజు అలా వచ్చినవాడే. కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంటాడు, బట్ట ముడతలు నీళ్లలో తడిసినట్టు ఒంటికి అతుక్కుని ఉంటాయి. కాంపొస్తెలా మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన శిల్పం అది. అక్కడే ఎడమ ద్వారం పైన ఒళ్లో పుర్రె పెట్టుకున్న స్త్రీ కూడా ఉంది. తప్పు చేసిన భార్య చేత ఆమె ప్రియుడి తలను రోజుకు రెండుసార్లు భర్త ముద్దుపెట్టించాడని యాత్రికుల గ్రంథం వివరణ ఇస్తుంది. ద్వారం పక్క రాయి మీద చెక్కిన తేదీని కొందరు 1078గా, కొందరు 1103గా చదువుతారు. నేను 1103 వైపే ఉంటాను, 1078 నాటికి పని ఇక్కడిదాకా వచ్చిందనడం ఆ రెండు స్తంభశీర్షాల సాక్ష్యంతో పొసగదు.

పడమటి చివర మిగిలిపోయింది. అక్కడ నేల బాగా కిందికి వాలుతుంది, సమాధి ఎత్తులో చర్చి నేలను అక్కడిదాకా పొడిగించాలంటే కింద ఏదో ఒకటి కట్టాలి. 1168లో రాజు ఫెర్నాందో 2, మేస్త్రో మతేయో అనే అతనికి ఏడాదికి 100 మరవెదీల జీతం బతికినంతకాలం ఇచ్చేట్టు శాసనం రాయించాడు. మతేయో ముందు కింద ఒక చర్చి కట్టి, దాని కప్పు మీద పోర్తికో దె లా గ్లోరియా అనే శిల్పాల ద్వారమండపాన్ని నిలిపాడు, మొదట్లో చెప్పిన 1188 నాటి ద్వారం ఇదే. కింది చర్చి కప్పు నడిమి రాళ్ల మీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ పట్టుకున్న దేవదూతలు ఉంటారు, పైన పోర్తికోలో క్రీస్తు తన గాయాలు చూపిస్తూ కూర్చుని ఉంటాడు. పరలోకానికి సూర్యచంద్రుల వెలుగు అక్కర్లేదన్న, బైబిల్‌లోని ప్రకటన గ్రంథం మాటను రెండు అంతస్తుల్లో కట్టి చూపించాడన్నమాట. వాలు నేల తెచ్చిన ఇబ్బందిని ఇంత అర్థవంతంగా వాడుకున్న మేస్త్రీ మధ్యయుగంలో ఇంకొకడు ఉన్నాడేమో, నేనైతే చూడలేదు.

ద్వారం పై దూలం రాళ్ల అడుగున శాసనం ఉంది: 1188 ఏప్రిల్ 1న వీటిని ఇక్కడ ఎత్తిపెట్టినట్టూ, పునాదుల నుంచీ పని నడిపినవాడు మతేయో అన్నట్టూ. కమాను పొడుగునా ప్రకటన గ్రంథంలోని 24 మంది పెద్దలు వాద్యాలు పట్టుకుని కూర్చుని ఉంటారు. జాగ్రత్తగా చూడండి, ఎక్కువమంది వాయించడం లేదు, శ్రుతి చేసుకుంటున్నారు, పక్కవాడితో మాట్లాడుతున్నారు. నడిమిన ఇద్దరు కలిసి ఒకే వాద్యాన్ని ఒళ్లో పెట్టుకున్నారు, ఒకడు చక్రం తిప్పాలి, ఇంకొకడు మెట్లు నొక్కాలి. ఎడమవైపు ప్రవక్తల్లో దానియేలు నవ్వుతుంటాడు, పళ్లు కనబడేంతగా. నడిమి స్తంభం మీద దావీదు తండ్రి యెష్షయి నుంచి యేసు తల్లి మరియ దాకా వంశవృక్షం అల్లుకుని ఉంటుంది. ఆ తీగల మధ్య, సరిగ్గా చెయ్యి ఆనించే ఎత్తులో, 5 వేళ్లూ దిగిపోయే గుంటలున్నాయి. ఎవరూ చెక్కలేదు, శతాబ్దాల తరబడి యాత్రికులు అక్కడే చెయ్యి పెట్టడం వల్ల రాయి అరిగి అలా అయింది. ఇప్పుడు ముట్టుకోనివ్వరు, అది సరైన నిర్ణయం. 2018లో ముగిసిన పరిరక్షణ పనిలో రాళ్ల మీద వేర్వేరు కాలాల రంగులు పొరలుగా బయటపడ్డాయి, మొదటి పొరలో బంగారు రేకూ లాపిస్ లాజులీ నీలమూ ఉన్నాయి. ఈ ద్వారాన్ని బూడిదరంగు రాయిగా ఊహించుకోవడం మానుకోవాలి, కట్టిననాడు అది రంగుల్లో వెలిగిపోయింది.

1211 ఏప్రిల్ 21న అల్ఫోన్సో 9 సమక్షంలో ఆర్చిబిషప్పు పెద్రో మున్యిస్ చర్చికి ప్రతిష్ఠ చేశాడు. పునాది పడి అప్పటికి 136 ఏళ్లు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఒకే నమూనా చర్చిలని పుస్తకాల్లో 5 పేర్లు వస్తాయి: తూర్‌లోని సెయింట్ మార్టిన్, లిమోజ్‌లోని సెయింట్ మార్షల్, కాంక్‌లోని సెయింట్ ఫోయ్, తులూజ్‌లోని సెయింట్ సెర్నిన్, కాంపొస్తెలా. మొదటి రెండింటినీ ఫ్రెంచి విప్లవం తరవాత దాదాపు పూర్తిగా పడగొట్టారు. మిగిలిన మూడింటి ప్లాన్లు పక్కపక్కన పెడితే పోలిక ఎవరికైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: ప్రదక్షిణ మార్గం, చాపెళ్లు, మేడ నడవలు, సొరంగం కప్పు. 1096లో పోప్ అర్బన్ 2 ప్రతిష్ఠించిన తులూజ్ చర్చి ఇటుకతో కట్టినది, కాంపొస్తెలాది గ్రానైట్, అయినా రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి.

కానీ ‘యాత్రికుల కోసం తయారైన నమూనా’ అనే మాట నాకు సగమే ఒప్పుదల. అదే యాత్రాదారి మీద ముఖ్యమైన చోటైన, ఫ్రాన్స్‌లోని వెజ్‌లే చర్చి ఈ పద్ధతిలో లేదు, దానికి మేడ నడవలే లేవు. దారి పొడుగునా ఉన్న వందల చర్చిల్లో ఎక్కువ భాగం చిన్నవి, వాటికీ ఈ నమూనాకూ సంబంధం లేదు. ప్రదక్షిణ మార్గం యాత్రికులు పెద్దగా రాని చర్చిల్లోనూ ఉంది. అంటే దారి వల్ల రూపం పుట్టలేదు. మనుషుల ద్వారా రూపం ప్రయాణించింది. ఒక ఉదాహరణ చెబుతాను. కాంక్ మఠంలో సన్యాసిగా ఉన్న పెద్రో అనే ఆయన స్పెయిన్‌లోని పాంప్లోనాకు బిషప్పు అయ్యాడు. 1105లో కాంపొస్తెలా చాపెళ్లలో ఒకటి కాంక్ పునీతురాలైన సెయింట్ ఫోయ్ పేర ప్రతిష్ఠ జరిగినప్పుడు ఆ పని చేసింది ఆయనే. కాంపొస్తెలాలో పనిచేసిన మేస్త్రో ఎస్తెబాన్ 1101 నాటికి పాంప్లోనా కథెడ్రల్ పని చూస్తున్నాడు. ఇలాంటి బంధాలే నమూనాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోశాయి. పెద్ద సమాధి, పెద్ద జనం, రాతి కప్పు వెయ్యాలన్న పట్టుదల, వాటికి సరిపడా డబ్బు, ఈ నాలుగూ ఉన్నచోట మేస్త్రీలు ఒకరి అనుభవాన్ని ఇంకొకరు వాడుకున్నారు. ఎవరిని చూసి ఎవరు కట్టారన్నదాని మీద ఫ్రెంచి, స్పానిష్ పండితులు ఒకప్పుడు దేశాభిమానంతో గట్టిగా కొట్లాడుకున్నారు, ఇప్పుడా వేడి చల్లారింది.

తరవాతి మార్పులు త్వరగా చెప్పేస్తాను. 1258లో ఆర్చిబిషప్పు హువాన్ అరియస్ తూర్పు భాగాన్ని పడగొట్టి ఫ్రాన్స్ తరహాలో, కొసదేరిన కమానుల గోతిక్ పద్ధతిలో పెద్ద నిర్మాణం తలపెట్టాడు. 1266లో ఆయన పోవడంతో పని పునాదుల దగ్గరే ఆగింది, ఆ పునాదులు ఇప్పటికీ చర్చికి తూర్పున ఉన్న కింతానా చౌక్ మెట్ల కింద ఉన్నాయి. ఆయన ఇంకో ఇరవై ఏళ్లు బతికి ఉంటే మనకు సాల్వదోర్ చాపెల్ మిగిలేది కాదు. 16వ శతాబ్దంలో పాతదాని స్థానంలో పెద్ద మఠాంగణం కట్టారు. నడిమి నడవలో మతేయో చెక్కిన రాతి గాయకస్థానాన్ని (గురువులు కూర్చుని పాడే చోటు) 17వ శతాబ్దం మొదట్లో పగలగొట్టారు, నాకు ఈ చర్చి చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇదే. దాని ముక్కలను ఏరి, కొంత భాగాన్ని మ్యూజియంలో తిరిగి కూర్చారు. 24 విగ్రహాలు కింతానా వైపున్న పవిత్ర ద్వారం పక్కన గోడలో నిలబడి ఉన్నాయి. జులై 25 ఆదివారం వచ్చిన ఏళ్లలోనే ఆ ద్వారం తెరుస్తారు, ఇక వచ్చేది 2027. గడియారం గోపురాన్ని దొమింగో దె అంద్రాదె 17వ శతాబ్దం చివర్లో పైకెత్తాడు. కాసస్ నొవొవా తన ముఖభాగంలో అంత పెద్ద గాజు కిటికీలు ఎందుకు పెట్టాడంటే, మతేయో ద్వారానికి ముందు గోడ వస్తే లోపల చీకటైపోతుంది. కొత్తది కడుతూ పాతదాని వెలుతురును కాపాడిన తీరు చూస్తే అతని మీద గౌరవం కలుగుతుంది.

సమాధి సంగతి కూడా చెప్పాలి. 1589లో ఇంగ్లండు నౌకాదళం డ్రేక్ నాయకత్వంలో లా కొరున్యా మీద పడ్డప్పుడు భయంతో ఎముకలను దాచారు, దాచిన చోటు మరిచిపోయారు. దాదాపు 300 ఏళ్లు యాత్రికులు ఎక్కడ ఉన్నాయో తెలియని ఎముకలకు దండం పెట్టారు. 1879లో కానన్ లోపెస్ ఫెరెయ్రో పూనికతో బలిపీఠం వెనక తవ్వినప్పుడు అవి బయటపడ్డాయి, 1884లో పోప్ లియో 13 వాటిని అధికారికంగా గుర్తించాడు. ఇప్పుడు బలిపీఠం కింద గదిలో వెండి పెట్టెలో ఉన్నాయి. మెట్లు దిగుతుంటే పక్కన కనబడే పాత రాళ్లలో రోమన్ కట్టడం గోడలు కూడా ఉన్నాయి.

మీకు ఒక పూటే ఉందన్నారు కాబట్టి ఈ వరుసలో చూడమంటాను. ముందు ప్లతెరీయస్ ద్వారం, బయటినుంచి తీరిగ్గా. తరవాత లోపల ప్రదక్షిణ మార్గం, సాల్వదోర్ చాపెల్, సమాధి గది. అడ్డ నడవలో నిలబడి పైకి చూస్తే బొతాఫుమెయ్రో అనే పెద్ద ధూపపాత్రను వేలాడదీసే కప్పీల అమరిక కనబడుతుంది. 53 కిలోల పాత్రను 8 మంది తాడుతో లాగి 65 మీటర్ల అడ్డ నడవ పొడుగునా ఊపుతారు, కానీ రోజూ ఊపరు, దాని కోసమే కాచుకుని కూర్చోకండి. పోర్తికోకు విడిగా టికెట్ ఉంటుంది, ఒక్కో విడతకు కొద్దిమందినే పంపుతారు కాబట్టి ముందే తీసుకోండి. ఇంకొంచెం సమయం చిక్కితే రాతి పలకల కప్పు మీదికి తీసుకెళ్లే టూర్‌కు వెళ్లండి. మెట్లుమెట్లుగా ఉన్న గ్రానైట్ కప్పు మీద నడుస్తూ కిందికి చూస్తే 11వ శతాబ్దపు శిలువ ఆకారం, దాన్ని చుట్టుకున్న 17, 18 శతాబ్దాల గోడలు రెండూ ఒకేసారి అర్థమవుతాయి. మీ మొదటి ప్రశ్నకు నేను ఇంత రాసిన జవాబు అక్కడ ఒక్క చూపులో దొరుకుతుంది.

లండన్‌లో ఉండే మనవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పోర్తికో మొత్తానికి 1866లో బ్రుచ్చానీ తీసిన నిలువెత్తు ప్లాస్టర్ అచ్చు ఉంది, ప్రవేశం ఉచితం. దానియేలు నవ్వునూ స్తంభం మీది వేళ్ల గుంటలనూ తొందరలేకుండా దగ్గరినుంచి చూడాలంటే సాంతియాగోలో కంటే అక్కడే వీలు.